కుడివైపు సీటు

దానం తలుపు మెల్లిగా వేసేడు. అంత మెల్లిగా వేస్తే అంబాసిడర్ తలుపు పడదని రోజూ దాన్ని తోలే మనిషికి తెలియక కాదు. పడలేదు కూడా. మళ్ళీ తీసి, ఈసారి అరచెయ్యి ఆనించి నొక్కేడు, లోపలెవరో పసిపిల్ల నిద్రపోతున్నట్టు, లేస్తుందేమోనని భయపడ్డట్టు. ముందు సీట్లో కూర్చుని, అద్దంలోకి చూడకుండా, "వెళ్దామా అండీ" అన్నాడు. అండీ. ఆ మాట ఎవరితోనైనా అంటాడు, కొబ్బరికాయల దళారీతోనూ అంటాడు, సంతకెళ్ళే ముసలమ్మతోనూ అంటాడు. పెళ్ళాన్ని మాత్రం పెళ్ళయిన మర్నాటి నించీ సుందరీ అనే పిలిచేడు, నువ్వనే అన్నాడు. ఐదేళ్ళ తరవాత ఇవాళ ఆ అండీ, వెనక సీట్లో తన పక్కన, ముక్కూ మొహం తెలీని మనిషిలా వచ్చి కూర్చుంది. "ఆయ్" అంది సుందరి.

గుమ్మంలో అన్నయ్య సాలమోను ఇంకా మొహం ముడుచుకునే నిలబడి ఉన్నాడు. సత్తిబాబు కారు మాట్లాడి ఉంచితే అది పొద్దున్నే మొరాయించింది, తాటిపాక స్టాండులో ఇంకొక్కటే ఉంది, అది దానం తోలే ఈ కారే. అతని కారెక్కుతావా, గంటాగు, అంబాజీపేట నించి ఇంకోటి తెప్పిస్తాను అన్నాడు. గంటాగితే రాజమండ్రిలో రైలు వెళ్ళిపోతుంది, రైలు వెళ్ళిపోతే మద్రాసులో విమానం వెళ్ళిపోతుంది, విమానం వెళ్ళిపోతే సెలవు మీరినట్టు ఆస్పత్రిలో రాసేసుకుంటారు. అమ్మని మట్టిలో పెట్టడానికని పరిగెత్తుకొచ్చిన సెలవు. ఇదంతా అన్నయ్యకి చెప్పలేదు. "ఎక్కుతానన్నయ్యా" అంది అంతే. నిజానికి సత్తిబాబు కారు చెడిపోయిందన్నప్పుడు తనకేమీ బాధ కలగలేదు. ఎందుకు కలగలేదో తనని తను అడగలేదు. ఉన్న వారం రోజుల్లోనూ, అమ్మ పెట్టె పక్కన కూర్చున్నప్పుడు కూడా, వీధిలో ఏ కారు చప్పుడైనా చెవి అటే వెళ్ళింది. భూస్థాపనకి వచ్చేడు దానం. సమాధుల గోడవతలే నిలబడ్డాడు. అయిపోగానే వెళ్ళిపోయేడు.

కారు ఊరు దాటింది. ఇంత నెమ్మదిగానా. సైకిలువాడు దాటేసేడు, కొబ్బరాకుల బండి మాత్రం దాటలేదు. ఈ మనిషేనా, పిల్ల నొప్పులు పడుతోందంటే రాజోలు నించి అమలాపురం కుదుపన్నది లేకుండా క్షణాల మీద తీసుకెళ్ళి దింపిన మనిషి, డాక్టరుగారే బయటికొచ్చి ఎవరయ్యా తోలింది అని అడిగిన మనిషి. కారు యజమాని మంగరాజుగారు తన కారు ఇతనికి తప్ప ఇంకొకళ్ళ చేతికిచ్చేవారు కాదు. మెడ వెనక జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసింది. నలభై దాటలేదే. ఆ మెడ తనకి తెలుసు, అక్కడ ఎడమ చెవి కింద చిన్న పుట్టుమచ్చ ఉంటుంది, తమ పిల్లాడు రత్నానికీ అక్కడే ఉండేది. అటు చూడకు. బయటికి చూడు. కాలవ, కాలవ మీద పడవ, పడవ నిండా కొబ్బరి డొక్కలు, గట్టు మీద తడి బట్టలు. నీళ్ళు ఎంత తాపీగా ఉన్నాయో. ఇంత నీరు చూసి ఎన్నాళ్ళయింది, అక్కడ నీళ్ళు లారీల్లో వస్తాయి. వద్దు, లారీలొద్దు. బట్టలు చూడు. ఆకుపచ్చ లంగా, తెల్ల పంచె, చిన్న నిక్కరు. చిన్న నిక్కరు.

ఈ గట్టు మీదే స్టీరింగు పట్టించేడు తన చేత. పెళ్ళయిన కొత్తలో, నర్సు ట్రైనింగు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులు. కిరాయి దింపి ఖాళీ కారుతో వస్తూ దారిలో తనని ఎక్కించుకునేవాడు. ముందు సీటు ఒకటే బల్లలా ఉంటుంది, ఇటు రా ఇటు రా అంటూ అతను పక్కకి జరిగి, పట్టుకో అనేవాడు. ఎడంచేత్తో గేరు, అలా కాదు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి అనేవాడు. చూసినవాళ్ళు నవ్వేరు, దానం పెళ్ళాం కారు తోలుతోందర్రా అని. వాళ్ళ నవ్వు అతనికి గర్వం. కువైట్‌లో తను పరీక్షకెళ్ళి రెండోసారికే లైసెన్సు తెచ్చుకుందంటే అది ఈ గట్టు చలవే. అక్కడికెళ్ళేక నేర్చుకున్నది ఒక్కటే. కుడిపక్కన పోవాలి. ఇక్కడ ఎడం, అక్కడ కుడి. ఇక్కడ డ్రైవరు కుడిపక్కన కూర్చుంటే అక్కడ ఎడంపక్కన కూర్చుంటాడు. అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది సిస్టర్, అంతా తిరగబడి ఉంటుంది అని ఆస్పత్రి ఆఫీసులో పని చేసే మలయాళీ ఆయన చెప్పేడు. వారం పది రోజులు తడబడింది. తరవాత అలవాటైపోయింది. మనసులో ఇదివరకటి అలవాటు పెద్దగా లేదు కదా, తీసెయ్యడానికి.

అతనికి ఉంది. పదిహేనేళ్ళది. మొగుడూ కొడుకూ వస్తున్నారని చిన్న పాత డాట్సన్ కారు కొని, వాళ్ళ కోసం ఇల్లు మారి, విమానం దగ్గరికి తనే తోలుకుంటూ వెళ్ళింది. దానం సామాను వెనక పెట్టి, నవ్వుతూ వచ్చి, కుడివైపు తలుపు తీసి కూర్చున్నాడు. స్టీరింగు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తన వేపు చూసేడు. ఇద్దరూ ఎంత నవ్వేరో. మొదటిరోజు నవ్వేరు. రోజూ ఎవరు నవ్వుతారు. లైసెన్సు తీసుకెళ్ళి చూపించేడు ట్రాఫిక్ ఆఫీసులో, లారీకీ బస్సుకీ కూడా పనికొచ్చే లైసెన్సు, చొక్కా జేబులో గుండె దగ్గర పెట్టుకుని తెచ్చింది. ఆ ఆఫీసరు అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసేడు. ఇది మీ దేశంలో. ఇక్కడ పరీక్ష. మొదటి పరీక్షలో అలవాటు కొద్దీ కుడి తలుపు దగ్గరికి నడిచేడు, పరీక్ష చేసేవాళ్ళు నవ్వేరు, ఆ నవ్వులోనే పరీక్ష పోయింది. రెండోదాంట్లో మలుపు తిరిగి ఎడం పట్టేడు. మూడోదానికి తారీకు ఇచ్చేరు. ఈలోగా వద్దండీ, ఇన్సూరెన్సు నా పేరనే ఉంది, ఈ దేశపు లైసెన్సు లేనివాళ్ళు తోలితే వాళ్ళు పూచీ పడరు అని చెప్పింది తను. చెప్పింది కదా. అన్నం వడ్డిస్తూ చెప్పింది. ఆయ్ అన్నాడు. తింటూనే అన్నాడు. ఇక్కడ తోలడమే బతుకుగా బతికినవాణ్ణి అక్కడ మార్కెట్టుకి, ప్రార్థన గుడికి, పిల్లాడి బడికి పెళ్ళాం తోలుకెళ్ళింది, పక్కన కూర్చోబెట్టుకుని. ఎప్పుడైనా రోడ్డు దిగి ఇంటికొచ్చేక, కాళ్ళు నెప్పి పుడుతున్నాయి సుందరీ, లేని బ్రేకు తొక్కీ తొక్కీ అనేవాడు.

"చలిగా ఉందా అండీ. అద్దం ఎత్తుకోండి" అన్నాడు దానం. గన్నవరం అక్విడక్టు మీదున్నారు. కింద గోదారి పాయ, ఇసక తిన్నెలు, గాలి.

"పర్వాలేదు" అంది.

ఇసక. అక్కడా ఇసకే. జూలై నెల, మధ్యాహ్నం కాలేదు ఇంకా. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంది. కర్టెన్లు వేసి ఉన్నాయి, కూలరు చప్పుడు, ఆ చప్పుడులో ఎక్కడో పసివాడి మాట, నాన్నా పాలు, నాన్నా పాలు. నిద్రలో విందో, తరవాత కల్పించుకుందో. మళ్ళీ తలుపు చప్పుడు. మెల్లిగా. లేస్తుందేమోనని, మెల్లిగా. ఇందాక కారు తలుపేసినట్టు. ఆ తరవాత ఎవరో తలుపు బాదేరు. మరి అంత గట్టిగా బాదుతుంటే తను లేస్తుందని వాళ్ళకి భయం లేదా అనుకుంది నిద్రమత్తులో. పక్క వీధిలో కొట్టు ఉంది, నడిచెళ్ళొచ్చు, కానీ ఆ ఎండలో పసివాణ్ణి నడిపిస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయని, అయిదు నిమిషాల పనే కదా అని, తన చేతిసంచీలోంచి తాళం తీసుకున్నాడు. పాలు కొన్నాడు. వచ్చేస్తున్నాడు. ఇంటి మలుపు దగ్గర ఎడంకి తిరిగి, పదిహేనేళ్ళు చేతులకి నేర్పిన ప్రకారం ఎడంపక్క పట్టుకున్నాడు. ఎదురుగా నీళ్ళ లారీ. లారీ ఎదురొస్తే తాటిపాక రోడ్డు మీద చేతులేం చేస్తాయో అదే చేసేయి, ఇంకా ఎడంకి కోసేయి. దెబ్బ కుడిపక్క పడింది. ఇక్కడైతే కుడిపక్క తనుండేవాడు. ఇక్కడైతే ఆ దెబ్బ అతనిది. అక్కడ ఆ పక్కన రత్నం కూర్చున్నాడు.

అతని ఒంటి మీద గాయం లేదు. చొక్కా నిండా పాలు. ఆస్పత్రి వరండాలో, తను రోజూ ఇస్త్రీ బట్టలతో నడిచే వరండాలో, గోడకానుకుని కూర్చున్నాడు. తను వచ్చింది. రత్నాన్ని చూసి వచ్చింది, చూడొద్దని డాక్టర్లు పట్టుకుంటే, నేనిక్కడ సిస్టర్ని, నాకు చూపించండి అని విడిపించుకుని చూసొచ్చింది. వచ్చి అతని ముందు నిలబడి అంది. కుడి ఏదో ఎడం ఏదో తెలీదా నీకు. నువ్వు అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి. పసిపిల్లలకి తెలుస్తుందే, అన్నం ఏ చేత్తో తింటావో తెలీదా అంది. అతను తన రెండు చేతులూ పైకెత్తి చూసుకున్నాడు, నిజంగానే ఏది ఏదో వెతుక్కుంటున్నట్టు. ఆ చూపు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఆ చూపు. సూది వెయ్యబోతే ఆ చూపు. ఇన్సూరెన్సు మనిషి రెండోరోజే వచ్చేడు, మర్యాదస్తుడు, ముందు సంతాపం చెప్పేడు. మీకు తెలిసి తీశాడా, తెలియకుండా తీశాడా అమ్మా అని అడిగేడు. తెలిసి అయితే కంపెనీకి సంబంధం లేదు, లారీ నష్టమూ అన్నీ మీ మీదే, మీ ఉద్యోగం మీదికీ వస్తుంది. తెలియకుండా అయితే కంపెనీ చూసుకుంటుంది, కానీ అప్పుడు కేసు అతని మీద ఇంకా గట్టిపడుతుంది. తెలియకుండానే. నిజమే కదా. స్టేషన్లో ఊచల వెనక నించి దానమే అన్నాడు, రాసిచ్చెయ్యి సుందరీ, నిజమే కదా. రాసిచ్చింది. ఎంత నిజమైన మాటో అంత చేదుగా ఉంది కలం పట్టుకుంటే. కొన్నాళ్ళు లోపల ఉంచి విమానం ఎక్కించి పంపేసేరు. తను వెళ్ళలేదు చూడ్డానికి. ఆవేళ డ్యూటీ వేయించుకుంది, అడిగి మరీ.

మరి ఎందుకు అక్కడే ఉండిపోయేవు అని అమ్మ రాయించేది. ఏం చెప్పాలి. వాడక్కడున్నాడు. ఊరి చివర క్రైస్తవుల సమాధుల్లో, ఇసకలో, చెట్టు లేని చోట. సెలవురోజున డబ్బాతో నీళ్ళు పట్టుకెళ్ళి పోస్తుంది, ఏమీ మొలవదని తెలిసీ. అక్కడికి వెళ్ళడానికి కూడా కారే. కొన్నాళ్ళు బస్సెక్కింది, తరవాత తప్పక మళ్ళీ స్టీరింగు పట్టింది, ప్రతి మలుపు దగ్గరా కుడి, కుడి, కుడి అని పైకే అనుకుంటూ. ఇప్పుడు అనుకోనక్కర్లేదు. చేతులే పోతాయి.

అంబాజీపేట దాటేరు. దారి పొడుగునా కొబ్బరి లారీలు, కాయలు ఎత్తే కూలీలు, పీచు వాసన. ఊరు దాటేక ఒక లారీ ఎదురొచ్చింది, పైకి వల కట్టి, కాయలు దాని పైకి గోపురంలా పేర్చి. అంత దూరంలో ఉండగానే దానం కారుని రోడ్డు దింపేసేడు. గడ్డిలోకి దింపి ఆపేసేడు. లారీ వెళ్ళిపోయింది. క్లీనరు తల బయటపెట్టి, "ఏం దానంగారూ, ఇంకా దింపండి, కాలవలో దింపండి" అని నవ్వుతూ పోయేడు. కారు కదల్లేదు. దానం చేతులు స్టీరింగు మీద వణుకుతున్నాయి, రెండూ.

"ఒక్క నిమిషం అండీ" అన్నాడు. "లారీ వస్తే ఇలాగవుద్ది. తగ్గిపోద్ది. రైలు అందుద్ది, మీరు కంగారుపడకండి."

ఐదేళ్ళుగా ఇలాగేనా. రోజుకెన్ని లారీలు ఈ రోడ్డు మీద. లారీ లారీకీ దిగి, ఆగి, వణికి, మళ్ళీ ఎక్కి. మానెయ్యొచ్చు కదా. మానేసి ఏం చేస్తాడు, ఇంకేం వచ్చు. సుందరి తలుపు తీసుకుని దిగింది, తనకే తెలీకుండా దిగింది. ముందు తలుపు తీసింది.

"జరగండి" అంది. "నేను తోలతాను."

"మీకిక్కడ లైసెన్సు లేదు కదండీ" అన్నాడు దానం.

ఎవరికైనా నవ్వొచ్చే మాట. ఇద్దరికీ రాలేదు. జరిగేడు. ఎడమ పక్కకి, బల్ల చివరికి. కూర్చుంది. కుడివైపు సీటు. స్టీరింగు వెచ్చగా ఉంది, తడిగా ఉంది. గేరు ఎడంచేతికి అందింది, మర్చిపోలేదు, కోడిపిల్లని పట్టుకున్నట్టు. కారు రోడ్డెక్కింది. ఎడం, ఎడం అనుకుంది, పైకే. ఎదురెవరూ లేరు, రోడ్డు తిన్నగా ఉంది, కొబ్బరిచెట్ల నీడలు అడ్డంగా పడి ఉన్నాయి, నీడ తరవాత నీడ. ఏం ఫరవాలేదు. సులువే. ఇంత సులువైన దాన్ని. రైలు అందుతుంది. మద్రాసులో దిగగానే ఆస్పత్రికి టెలిగ్రాం ఇవ్వాలి, అమ్మ చీరలు ఎవరికి ఇమ్మంది తను, వదినకి చెప్పిందా లేదా, పచ్చ అంచుది కాంతమ్మ పిన్నికి. ముక్కామల దాటేక కాలవ వంతెన, వంతెన దిగగానే కుడికి తిరిగింది. తిరిగి, కుడిపక్కనే పోతోంది. కాంతమ్మ పిన్నికి ఆ చీర ఇష్టం, అమ్మ కట్టుకున్నప్పుడల్లా కొంగు పట్టుకు చూసేది. ఎదురుగా బస్సు.

బస్సు ఎందుకు నా పక్కకొస్తోంది అనుకుంది. నిజంగా అలాగే అనుకుంది. వీడికేమొచ్చింది, రాంగు సైడులో వస్తున్నాడు అనుకుంది. ఇంకా కుడికి తీసింది.

"ఎడంకి! ఎడంకి తియ్యి సుందరీ!"

తన చేతుల మీద అతని చేతులు పడ్డాయి. స్టీరింగు గిర్రున తిరిగింది, బస్సు హారను చెవిలోంచి దూసుకుపోయింది, అటుపక్క గట్టు మీద, ముందు చక్రం గడ్డిలో కూరుకుని, కొబ్బరిచెట్టు మొదట్లో ఆగింది కారు. బస్సు ఆగింది. డ్రైవరు దిగొచ్చేడు కేకలేసుకుంటూ. "ఆడవాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చుంటారేంటండీ! చచ్చేవాళ్ళం కదండీ అందరం!"

దానం అప్పటికే దిగి చేతులు జోడించేడు. "తప్పు నాదేనండి. నేనే ఇచ్చేనండి. తప్పు నాదే" అన్నాడు. ఆ డ్రైవరు ఇంకా ఏదో అని, అంత పెద్ద మనిషి అలా వంగిపోతుంటే అనలేక, వెళ్ళి బస్సెక్కేడు.

సుందరి స్టీరింగు వదల్లేదు. వదిలితే చేతులు ఏమైపోతాయో. ఈ చేతులే. తను చెప్పలేదు వాటికి. ఎవరూ చెప్పలేదు. వాటంతటవే పోయేయి. ఏ పక్క ఏదో తనకి తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, తెలిసీ పోయేయి, చీర గురించి ఆలోచిస్తుంటే పోయేయి. ఇంకొక్క క్షణమైతే దెబ్బ ఎడంపక్క పడేది. ఎడంపక్క దానం ఉన్నాడు. తనకి గీత పడేది కాదు. తనూ ఏ ఆస్పత్రి వరండాలోనో గోడకానుకుని కూర్చునేది. ఎవరో వచ్చి ముందు నిలబడేవారు, నిలబడి అడిగేవారు, కుడి ఏదో ఎడం ఏదో తెలీదా నీకు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఐదేళ్ళూ ఎక్కడుందో, అమ్మ పెట్టె మీద మట్టి వేస్తున్నప్పుడు కూడా రానిది, కడుపులోంచి, గొడ్డు అరిచినట్టు వచ్చింది. గట్టు మీద బట్టలుతుకుతున్న మనిషి లేచి చూసింది. దానం ఎడంవైపు తలుపు తీసుకుని ఎక్కి పక్కన కూర్చున్నాడు. ముట్టుకోలేదు. ముట్టుకోవచ్చో లేదో తెలీక చెయ్యి సీటు మీద పెట్టి అక్కడే ఉంచేడు.

ఏడుపు ఆగేక, "నేనలా అనకుండా ఉండాల్సింది" అంది. "ఆవేళ."

"అనకపోతే ఎవరంటారు" అన్నాడు దానం. "నువ్వు కదా తల్లివి."

అంతే. ఇద్దరికీ తెలుసు, ఆ మాట తీసేసినా దాని వెనక ఉన్నది పోదని. తను కువైట్ వెళ్ళిపోతుంది, అతను తాటిపాక స్టాండుకి వెళ్ళిపోతాడు. మళ్ళీ ఒక ఇంట్లో, ఒక గిన్నెలో అన్నం వండుకుని, మూడో మనిషిలా ఆ ఖాళీని కూర్చోబెట్టుకుని తినడం చాతకాదు ఇద్దరికీ. కానీ అడగనిది ఒకటి ఉండిపోయింది. పోలీసులు అడిగేరు, ఇన్సూరెన్సు మనిషి అడిగేడు, ఎంత వేగం, ఏ మలుపు, లారీ ఎంత దూరం. తను అడగలేదు.

"కార్లో వాడేం చేసేడు? ఏమైనా మాట్లాడేడా?"

దానం కాలవకేసి చూసేడు.

"పాలు అయిపోయేయని వాడే చూసేడు" అన్నాడు. "అమ్మ లేచేసరికి టీకి పాలుండాలి నాన్నా అన్నాడు. కారెక్కి ఆ పక్కన కూర్చుని, మనూళ్ళో నేను కూర్చునే పక్క కదా అది, ఇదిగో ఇలా రెండు చేతులూ పెట్టేడు. స్టీరింగు ఉన్నట్టు. నేనే తోలుతున్నాను, నువ్వు ఊరికే కూర్చో అన్నాడు. సరే అన్నాను. దారంతా వాడే తోలేడు. హారను కొట్టేడు నోటితో. రాజోలు, అమలాపురం, రండి రండి అని పిలిచేడు. పాలు కొన్నాక గిన్నె నాకిచ్చేడా, ఒళ్ళో పెట్టుకున్నాను. వచ్చేప్పుడు అమ్మని కూడా ఎక్కించుకుందాం నాన్నా అన్నాడు. కిరాయి అడక్కు అన్నాడు. అమ్మ మన మనిషి కదా అన్నాడు."

గిన్నెలో పాలు. చొక్కా మీద పాలు.

"తరవాత?"

"తరవాత మలుపొచ్చింది, సుందరీ."

గాలికి ఆకులు కదులుతున్నాయి పైన. బట్టలుతికే మనిషి మళ్ళీ పనిలో పడింది, బండ మీద బట్ట దెబ్బ అవతలి గట్టుకి తగిలి తిరిగొస్తోంది. సుందరి దిగి, ముందునించి చుట్టూ తిరిగి వచ్చింది. దానం జరిగి స్టీరింగు దగ్గరికి వెళ్ళేడు. వెనక సీట్లో తన చేతిసంచీ ఒక్కటే ఉండిపోయింది. కారుని వెనక్కి తీసి రోడ్డెక్కించేడు. కొత్తపేట దగ్గర ఇంకో లారీ ఎదురొచ్చింది, పక్కకి దింపి ఆపేడు, చేతులు వణికేయి, తగ్గేదాకా ఇద్దరూ కూర్చున్నారు. రైలు అందుతుందో లేదో అతను చెప్పలేదు, తను అడగలేదు.

"ఇంకోసారి చెప్పండి" అంది సుందరి. "మొదటి నించీ."

పాలు అయిపోయేయని వాడే చూసేడు అని, దానం మళ్ళీ మొదలెట్టేడు.